రుడాల్ఫ్ విర్కో

రుడాల్ఫ్ లుడ్విగ్ కార్ల్ విర్కో (1821 అక్టోబరు 13 - 1902 సెప్టెంబరు 5) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, వ్యాధి శాస్త్రవేత్త, మానవ శాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. జర్మన్ ఉచ్చారణలో ఇతని ఇంటిపేరు ఫిర్ఖో అని పలుకుతుంది. వ్యాధులకు మూలం శరీరంలోని కణాలలోనే ఉందని నిరూపించి ఆధునిక పాథాలజీకి (వ్యాధి విజ్ఞానానికి) పునాది వేసినవాడిగా ఇతను పేరు పొందాడు. రక్తనాళాలలో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ఊడి రక్తప్రవాహంతో పాటు వేరొక అవయవానికి చేరి అక్కడి నాళాన్ని మూసివేయడం అనే రెండు విషయాలను మొదటిసారిగా స్పష్టంగా వివరించినవాడు కూడా ఇతనే. ఈ రెంటికీ థ్రాంబోసిస్, ఎంబాలిజమ్ అనే పేర్లు ఇతని వల్లనే స్థిరపడ్డాయి.

విర్కో జీవించిన కాలంలో రోగి సిరలో నెలల తరబడి గొట్టం ఉంచి వైద్యం చేయడం అనేది లేదు. అయినా నేడు కాన్సరు వంటి దీర్ఘవ్యాధులతో బాధపడే పిల్లలకు అమర్చే కేంద్రసిర గొట్టాల (సెంట్రల్ వీనస్ క్యాథెటర్ల) చుట్టూ రక్తం ఎందుకు గడ్డకడుతుందో వివరించేటప్పుడు వైద్య విద్యార్థులకు మొదట చెప్పే పేరు విర్కోదే.

బాల్యం, విద్యాభ్యాసం

విర్కో 1821 అక్టోబరు 13న ప్రష్యా రాజ్యంలోని పొమరేనియా ప్రాంతంలో, షీవెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం పోలండ్ దేశంలో ష్విద్విన్ అనే పేరుతో ఉంది. తండ్రి కార్ల్ క్రిస్టియన్ సీగ్‌ఫ్రీడ్ విర్కో వ్యవసాయదారుడు, పట్టణ కోశాధికారి. తల్లి యోహన్నా మరియా. విర్కో వారికి ఏకైక సంతానం. కుటుంబం అంత కలిగినది కాదు. చిన్ననాటి నుండి చదువులో ముందుండి, 1835 నుండి 1839 వరకు కోస్లిన్ పట్టణంలోని ఉన్నత పాఠశాలలో చదివాడు. ప్రాచీన భాషల మీద, ముఖ్యంగా గ్రీకు భాష మీద మంచి పట్టు సాధించాడు. తరువాతి కాలంలో వ్యాధులకు కొత్త పేర్లు పెట్టవలసి వచ్చినప్పుడు ఈ భాషాజ్ఞానం ఇతనికి ఎంతో ఉపకరించింది.

1839లో సైన్యానికి వైద్యులను తయారుచేసే ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ సంస్థలో ఉపకార వేతనంతో బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా చేరాడు. పేద కుటుంబాల నుండి వచ్చిన ప్రతిభావంతులకు ఆ సంస్థలో ఉచితంగా చదువు చెప్పి, తరువాత కొంతకాలం సైన్యంలో పని చేయించుకొనేవారు. అక్కడ శరీరధర్మ శాస్త్రవేత్త యోహాన్నెస్ ముల్లర్, వైద్యుడు యోహాన్ షోన్‌లైన్ ఇతనికి గురువులు. సూక్ష్మదర్శినిని, రసాయన పరీక్షలను వైద్యంలో ఉపయోగించే పద్ధతిని వీరి వద్దనే నేర్చుకొన్నాడు. 1843లో వైద్య పట్టా పొంది, బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో చేరాడు.

షారిటే ఆసుపత్రిలో తొలి పరిశోధనలు

షారిటే ఆసుపత్రిలో శవపరీక్షల విభాగాధిపతి రాబర్ట్ ఫ్రోరీప్ వద్ద విర్కో సహాయకుడిగా పనిచేసాడు. మరణించినవారి శరీరాలను పరీక్షించి, బ్రతికి ఉన్నప్పుడు కనిపించిన లక్షణాలను లోపలి మార్పులతో సరిపోల్చి చూడడం ఇతని నిత్యకృత్యం. 1846లో ఫ్రోరీప్ తరువాత ఆ పదవి ఇతనికే దక్కింది.

1845లో విర్కో ఒక రోగి రక్తంలో తెల్ల కణాలు విపరీతంగా పెరిగిపోయి ఉండడం గమనించి వివరించాడు. అదే సంవత్సరం స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్ కూడా అటువంటి రోగినే వర్ణించాడు. అయితే బెన్నెట్ దానిని రక్తంలో చీము చేరడంగా భావించాడు. విర్కో మాత్రం ఇది చీము కాదని, రక్తానికి సంబంధించిన ప్రత్యేక వ్యాధి అని గ్రహించాడు. 1847లో దీనికి లుకేమియా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దీనికి తెల్లని రక్తం అని అర్థం.

తన వ్యాసాలను స్వేచ్ఛగా ప్రచురించుకోవడానికి 1847లో మిత్రుడు బెన్నో రైన్‌హార్ట్‌తో కలిసి ఒక వైద్య పత్రికను స్థాపించాడు. 1852లో రైన్‌హార్ట్ మరణించిన తరువాత విర్కో ఒక్కడే తన జీవితాంతం దానికి సంపాదకత్వం వహించాడు. ఆ పత్రిక విర్కోస్ ఆర్కైవ్ అనే పేరుతో 21వ శతాబ్దంలోనూ కొనసాగుతోంది.

రక్తపు గడ్డలపై పరిశోధన

ఆ రోజులలో ఫ్రాన్సుకు చెందిన జాన్ క్రువేలియే అనే వ్యాధి శాస్త్రవేత్త మాటకు ఎంతో విలువ ఉండేది. సిరల గోడలకు వచ్చే వాపే చాలా వ్యాధులకు మూలమని, సిరలలో కనిపించే రక్తపు గడ్డలన్నీ ఆ వాపు ఫలితమేనని అతను బోధించేవాడు. ఈ సిద్ధాంతాన్ని పరీక్షించే పనిని ఫ్రోరీప్ తన యువ సహాయకుడికి అప్పగించాడు.

విర్కో శవపరీక్షలు చేస్తూ ఒక విషయం గమనించాడు. ఊపిరితిత్తుల ధమనిలో పెద్ద పెద్ద గడ్డలు కనిపించిన కొందరిలో, ఆ ధమని గోడకు ఏ వాపూ లేదు. అదే రోగుల కాలి సిరలలో మాత్రం అటువంటి గడ్డలే ఉండేవి. కొన్నిచోట్ల ఊపిరితిత్తిలో దొరికిన ముక్క చివర, కాలిలో మిగిలి ఉన్న గడ్డ విరిగిన చోటికి సరిగ్గా అతికేట్లు ఉండేది. దీనిని బట్టి గడ్డ ఊపిరితిత్తిలో పుట్టలేదని, కాలి సిరలో పుట్టి, అక్కడ నుండి ఊడి, రక్తప్రవాహంతో గుండె కుడి భాగం గుండా ప్రయాణించి ఊపిరితిత్తికి చేరిందని ఇతను నిర్ణయించాడు.

కేవలం పోలికతో తృప్తి పడక, దీనిని ప్రయోగం ద్వారా నిరూపించడానికి పూనుకొన్నాడు. కుక్కల మెడలోని కంఠసిరను తెరిచి అందులో రబ్బరు ముక్కలను, కండరపు ముక్కలను, రక్తపు గడ్డలను ప్రవేశపెట్టాడు. కొంతకాలం తరువాత పరీక్షించగా ఆ ముక్కలు ఊపిరితిత్తుల ధమనులలో చిక్కుకొని కనిపించాయి. ముక్క చుట్టూ కొత్తగా రక్తం గడ్డకట్టడం, నాళపు గోడలో మార్పులు రావడం కూడా ఇతను గమనించాడు. సిరలో ఉంచిన పరాయి వస్తువుకు రక్తం ఎలా స్పందిస్తుందో ఈ ప్రయోగాలు చూపించాయి. నూరేళ్ళు దాటిన తరువాత పిల్లల వైద్యులు అదే కంఠసిరలో సిలికోన్ గొట్టాలను అమర్చవలసి వచ్చినప్పుడు ఈ పరిశీలనకు కొత్త ప్రాముఖ్యం కలిగింది.

ఊపిరితిత్తుల ధమని మూసుకుపోవడం, దాని పరిణామాల గురించి విర్కో 1846లో వ్యాసం ప్రచురించాడు. నాళంలో పుట్టిన చోటే గడ్డ ఉండడాన్ని థ్రాంబోసిస్ అని, అది ఊడి వేరొక చోట చిక్కుకోవడాన్ని ఎంబాలిజమ్ అని వేరుచేసాడు. మొదటిది గడ్డ అని అర్థమిచ్చే గ్రీకు మాట నుండి, రెండవది లోపలికి విసిరివేయడం అని అర్థమిచ్చే గ్రీకు మాట నుండి వచ్చాయి.

ఎగువ సైలీషియా, 1848 విప్లవం

1847-48 శీతాకాలంలో ప్రష్యా రాజ్యపు ఎగువ సైలీషియా ప్రాంతంలో టైఫస్ జ్వరం ప్రబలి వేలాది మంది మరణించారు. అక్కడి ప్రజలలో ఎక్కువమంది పోలిష్ భాష మాట్లాడే పేద రైతులు, కూలీలు. 1848 ఫిబ్రవరిలో ప్రభుత్వం పరిస్థితిని పరిశీలించడానికి విర్కోను పంపింది. సుమారు మూడు వారాలు అతను గ్రామాలు తిరిగి, గుడిసెలలోని రోగులను చూసి, వారి తిండిని, ఇండ్లను, పనిని గురించి వివరాలు సేకరించాడు.

ప్రభుత్వం ఒక వైద్య నివేదిక ఆశించగా, విర్కో సమర్పించినది సామాజిక నివేదిక. జబ్బు వ్యాప్తికి ఆకలి, ఇరుకు ఇండ్లు, అజ్ఞానం, ప్రజలను పట్టించుకోని పాలన కారణమని అందులో వ్రాసాడు. మందుల కంటే ముందుగా ప్రజల మాతృభాషలో విద్య, మంచి రోడ్లు, వ్యవసాయాభివృద్ధి, న్యాయమైన పన్నులు, స్వపరిపాలన కావాలని సూచించాడు. అప్పటికి ఇతని వయస్సు 26 సంవత్సరాలు. సామాజిక వైద్యశాస్త్రానికి ఈ నివేదిక ఒక మూలగ్రంథంగా పరిగణించబడుతున్నది.

అతను బెర్లిన్‌కు తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, 1848 మార్చిలో, అక్కడ విప్లవం చెలరేగింది. విర్కో విప్లవకారుల పక్షాన వీధులలో అడ్డుగోడలు నిర్మించడంలో పాల్గొన్నాడు. అదే ఏడాది జూలైలో రుడాల్ఫ్ లొయ్‌బుషర్‌తో కలిసి వైద్య సంస్కరణ అనే అర్థమిచ్చే పేరుతో ఒక వారపత్రికను ప్రారంభించాడు. పేదలకు వైద్యం అందించడం రాజ్యం బాధ్యత అని ఆ పత్రికలో వాదించాడు. విప్లవం అణచివేయబడిన తరువాత 1849లో ప్రభుత్వం ఇతనిని ఉద్యోగం నుండి తాత్కాలికంగా తొలగించింది. వెంటనే తిరిగి తీసుకొన్నప్పటికీ అనేక ఆంక్షలు విధించింది. ఆ పత్రిక కూడా అదే సంవత్సరం ఆగిపోయింది.

వుర్ట్స్‌బుర్గ్ జీవితం

1849 చివరిలో విర్కో బెర్లిన్ విడిచి బవేరియాలోని వుర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో పాథలాజికల్ అనాటమీ ఆచార్యుడిగా చేరాడు. 1850లో బెర్లిన్‌కు చెందిన వైద్యుడు కార్ల్ మేయర్ కుమార్తె రోజ్‌ను వివాహం చేసుకొన్నాడు. వీరికి ముగ్గురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు.

వుర్ట్స్‌బుర్గ్‌లో గడిపిన ఏడేళ్ళు ఇతని జీవితంలో అత్యంత ఫలవంతమైన కాలం. అక్కడ ఇతని వద్ద చదివినవారిలో తరువాత జీవశాస్త్రవేత్తగా పేరు పొందిన ఎర్నెస్ట్ హేకెల్ ఒకడు. రక్తపు గడ్డలపై చేసిన పరిశోధనలన్నిటినీ కూర్చి 1856లో ఒక పెద్ద వ్యాస సంకలనంలో ప్రచురించాడు. థ్రాంబోసిస్, ఎంబాలిజమ్ గురించి ఇతను చెప్పినదంతా ఒకేచోట లభించేది ఈ గ్రంథంలోనే.

కణాల వ్యాధి శాస్త్రం

1856లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఇతనిని తిరిగి ఆహ్వానించింది. పాథాలజీకి ప్రత్యేక భవనం నిర్మించి ఇవ్వాలన్న షరతుతో విర్కో అంగీకరించాడు. ఆ సంస్థకు మరణించే వరకు సంచాలకుడిగా ఉన్నాడు. జూలియస్ కోన్‌హైమ్, ఫ్రెడరిక్ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్, ఎడ్విన్ క్లెబ్స్ వంటి ప్రముఖులు ఇక్కడ ఇతని సహాయకులుగా పనిచేసారు.

1858 ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు బెర్లిన్ వైద్యులకు ఇతను 20 ఉపన్యాసాలు ఇచ్చాడు. అవి అదే సంవత్సరం కణాల వ్యాధి శాస్త్రం అనే అర్థం గల పేరుతో పుస్తకంగా వెలువడ్డాయి. ప్రతి కణమూ మరొక కణం నుండే పుడుతుందని, జబ్బు అనేది శరీరంలో ప్రవహించే రసాల దోషం కాదని, కణాలలో వచ్చే మార్పు అని ఈ పుస్తకం సారాంశం. కణం నుండి కణం పుడుతుందన్న భావనను ఇతని కంటే ముందుగా రాబర్ట్ రెమాక్ పరిశోధనలు చూపించాయి. దానిని వ్యాధులన్నిటికీ అన్వయించి, వైద్యలోకాన్ని ఒప్పించినవాడు విర్కో.

ప్రజాజీవితం

1859లో విర్కో బెర్లిన్ నగర సభకు ఎన్నికై, మరణించే వరకు సభ్యుడిగా కొనసాగాడు. ఆ కాలంలో నగరంలోని మురుగు వీధుల ప్రక్కన తెరిచిన కాలువలలో పారుతూ కలరా, టైఫాయిడ్ వ్యాపించడానికి కారణమయ్యేది. ఇంజనీరు జేమ్స్ హోబ్రెక్ట్ రూపొందించిన భూగర్భ మురుగునీటి పథకాన్ని విర్కో సభలో గట్టిగా సమర్థించాడు. 1873లో ఆ పనులు ప్రారంభమయ్యాయి. నగరపు మొదటి పురపాలక ఆసుపత్రి 1874లో ఫ్రెడరిక్స్‌హైన్‌లో తెరవడంలోనూ, 1890లో పిల్లల కొరకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి బెర్లిన్‌లో ఏర్పడడంలోనూ ఇతని కృషి ఉంది. పిల్లల ఆసుపత్రి విషయంలో శిశు వైద్యుడు అడాల్ఫ్ బాగిన్‌స్కీ ఇతనితో కలిసి పనిచేసాడు.

పంది మాంసం ద్వారా మనుషులకు సోకే ట్రైకినా అనే పురుగు జీవితచక్రాన్ని పరిశోధించి, మాంసాన్ని సూక్ష్మదర్శినితో తనిఖీ చేయాలని ఇతను చేసిన ప్రచారం వలన ఆ తనిఖీలు అమలులోకి వచ్చాయి. 1870-71 నాటి ఫ్రాన్సు యుద్ధంలో గాయపడిన సైనికులను తరలించడానికి ఆసుపత్రి రైళ్ళను ఏర్పాటు చేసాడు.

1861లో జర్మన్ ప్రగతి పార్టీ స్థాపకులలో ఒకడిగా ఉండి, 1862లో ప్రష్యా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. 1880 నుండి 1893 వరకు జర్మన్ పార్లమెంటు సభ్యుడు. ప్రధానమంత్రి బిస్మార్క్ సైనిక వ్యయాన్ని పెంచే విధానాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. సభలో మాటామాటా పెరిగి 1865లో బిస్మార్క్ ఇతనిని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. విర్కో నిరాకరించాడు. ట్రైకినా పురుగులున్న సాసేజిని ఆయుధంగా ఎంచుకొన్నాడని చెప్పుకొనే కథ ప్రచారంలో ఉన్నది కాని, దానికి ఆధారాలు లేవు.

మానవశాస్త్రం, పురావస్తు పరిశోధన

1869లో బెర్లిన్ మానవశాస్త్ర సంఘం స్థాపనలో విర్కో ముఖ్యపాత్ర వహించాడు. జర్మనీ పాఠశాలలలో చదివే 67 లక్షలకు పైగా పిల్లల జుట్టు, కళ్ళు, చర్మం రంగులను నమోదు చేయించాడు. 1886లో వెలువడిన తుది నివేదికలో, శుద్ధమైన జర్మన్ జాతి అనేది ఎక్కడా లేదని, ప్రజలు అన్నిచోట్లా మిశ్రమంగానే ఉన్నారని తేల్చాడు. యూదులపై ద్వేషం ప్రబలుతున్న రోజులలో ఈ ఫలితానికి ఎంతో ప్రాముఖ్యం ఉంది.

పురావస్తు పరిశోధకుడు హైన్‌రిచ్ ష్లీమన్‌కు ఇతను సన్నిహిత మిత్రుడు. 1879లో ట్రాయ్ నగరపు త్రవ్వకాలకు వెళ్ళి ష్లీమన్‌తో కలిసి పనిచేసాడు. ష్లీమన్ సేకరించిన ట్రాయ్ వస్తువులు 1881లో బెర్లిన్‌కు చేరడం వెనుక విర్కో ప్రోద్బలం ఉంది.

విమర్శలు, పొరపాట్లు

విర్కో అభిప్రాయాలన్నీ కాలపరీక్షకు నిలవలేదు. ప్రసూతి వార్డులలో చేతులు శుభ్రపరచుకొంటే తల్లుల మరణాలు తగ్గుతాయన్న ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ వాదాన్ని ఇతను అంగీకరించలేదు. సూక్ష్మక్రిములే వ్యాధులకు కారణమన్న సిద్ధాంతాన్ని చాలాకాలం అనుమానంతో చూసాడు. నియాండర్తాల్ లోయలో దొరికిన ఎముకలు ప్రాచీన మానవుడివి కావని, రికెట్స్, కీళ్ళ జబ్బులతో బాధపడిన ఒక మనిషివని 1872లో ప్రకటించాడు. ఇది తప్పని తరువాత తేలింది.

1887లో యువరాజు ఫ్రెడరిక్ గొంతు నుండి తీసిన కణజాలాన్ని పరీక్షించి అందులో కాన్సరు లేదని నివేదించాడు. ఫ్రెడరిక్ చక్రవర్తిగా 99 రోజులు మాత్రమే పాలించి 1888 జూన్ 15న గొంతు కాన్సరుతోనే మరణించాడు. విర్కో పరీక్షించిన ముక్కలో కాన్సరు భాగం లేకపోయి ఉండవచ్చునని చరిత్రకారులు భావిస్తారు. అయినప్పటికీ ఈ సంఘటన ఇతనిపై చాలా విమర్శలకు దారితీసింది.

చివరి రోజులు

1892లో ఇతనికి లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం లభించింది. 1892-93లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి రెక్టరుగా ఉన్నాడు. జీవితమంతా సేకరించిన 20 వేలకు పైగా అవయవ నమూనాలతో 1899లో షారిటేలో వ్యాధి మ్యూజియం ప్రారంభించాడు. 1901లో ఇతని 80వ జన్మదినాన్ని అనేక దేశాల వైద్యులు ఘనంగా జరుపుకొన్నారు.

1902 జనవరి 4న బెర్లిన్‌లో కదులుతున్న ట్రాము నుండి దిగబోతూ పడిపోయి తొడ ఎముక విరుగగొట్టుకొన్నాడు. ఆ దెబ్బ నుండి పూర్తిగా కోలుకోలేదు. నెలల తరబడి మంచంలో ఉండి, క్రమంగా నీరసించి, 1902 సెప్టెంబరు 5న బెర్లిన్‌లో మరణించాడు. సెయింట్ మాథ్యూ పాత శ్మశానంలో ఇతని సమాధి ఉంది.

విర్కో త్రయం

సిరలో రక్తం గడ్డకట్టడానికి మూడు రకాల కారణాలు ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. మొదటిది రక్తప్రవాహం మందగించడం లేదా అస్తవ్యస్తం కావడం. రెండవది నాళపు లోపలి పొర దెబ్బతినడం. మూడవది రక్తానికే గడ్డకట్టే స్వభావం పెరగడం. ఈ మూడింటిని కలిపి విర్కో త్రయం అంటారు.

అయితే విర్కో ఎక్కడా ఈ మూడింటిని ఇదే రూపంలో, థ్రాంబోసిస్ కారణాలుగా ఒక జాబితాలో ఇవ్వలేదు. ఊపిరితిత్తికి చేరిన గడ్డ అక్కడ ఏమి చేస్తుందో వివరిస్తూ, ప్రవాహం ఆగడం, నాళం రేగడం, రక్తం మరింత గడ్డకట్టడం అనే మూడు వర్గాల పరిణామాలను చర్చించాడు. 20వ శతాబ్దంలో ఇతర శాస్త్రవేత్తలు వాటిని కారణాల పట్టికగా మలచి, గౌరవార్థం ఇతని పేరు జోడించారు. పేరు తరువాత వచ్చినదైనా, అందులోని మూడు అంశాల మీదా విర్కో పనిచేసాడన్నది వాస్తవం.

పిల్లల వైద్యంలో విర్కో పరిశోధన

సిర ద్వారా గుండె వరకు గొట్టాన్ని పంపవచ్చునని 1929లో జర్మన్ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన శరీరం మీదనే ప్రయోగం చేసి చూపించాడు. 1960 దశకం చివరలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, నోటి ద్వారా ఆహారం తీసుకోలేని పసిబిడ్డకు స్టాన్లీ డుడ్రిక్, అతని సహచరులు పెద్ద సిర ద్వారా పోషకాలను అందించి పెంచగలిగారు. 1973లో బ్రోవియాక్ పేరుతో, 1979లో హిక్‌మన్ పేరుతో దీర్ఘకాలం ఉంచదగిన సిలికోన్ గొట్టాలు ప్రచారంలోకి వచ్చాయి. వీటిని మెడ లేక ఛాతీ వద్ద నున్న పెద్ద సిరలోకి పంపి, కొన గుండె కుడి కర్ణిక సమీపంలో ఉండేలా అమరుస్తారు. మాటిమాటికి సూది గుచ్చకుండా మందులు, పోషకాలు, రక్తం ఎక్కించడానికి, పరీక్షలకు రక్తం తీయడానికి ఇవి ఉపయోగపడతాయి.

ఇటువంటి గొట్టాలు ఎక్కువగా అవసరమయ్యేవారిలో లుకేమియా సోకిన పిల్లలు ముఖ్యులు. విర్కో పేరు పెట్టిన ఆ వ్యాధి ఒకప్పుడు పిల్లలకు మరణశాసనమే. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టించగలిగాడు. అక్కడ నుండి చికిత్స క్రమంగా మెరుగుపడింది. కాని ఆ చికిత్స నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి సాగుతుంది కనుక గొట్టం కూడా అంతకాలం అవసరం కావచ్చు.

బిడ్డను బ్రతికించే ఈ గొట్టమే విర్కో త్రయంలోని మూడు పరిస్థితులనూ ఒకేచోట కల్పిస్తుంది. పిల్లల సిరలు సన్నవి కనుక గొట్టం సిరలో ఎక్కువ భాగాన్ని ఆక్రమించి ప్రవాహాన్ని మందగింపజేస్తుంది. గొట్టం దూర్చినప్పుడు, ఆ తరువాత దాని కొన ఒరుసుకొన్నప్పుడు నాళపు లోపలి పొర దెబ్బతింటుంది. గాఢమైన మందులు, పోషక ద్రవాలు కూడా ఆ పొరను రేపుతాయి. ఇక కాన్సరు, అంటురోగాలు రక్తానికి గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి. లుకేమియా చికిత్సలో వాడే ఆస్పరజినేజ్ అనే మందు, గడ్డకట్టడాన్ని అదుపుచేసే యాంటీత్రాంబిన్ అనే మాంసకృత్తిని తగ్గిస్తుంది. వీటికి తోడు గొట్టం స్వయంగా పరాయి వస్తువు. కొద్ది రోజులలోనే దాని చుట్టూ ఫైబ్రిన్ అనే దారాల వంటి పదార్థం ఒరలా ఏర్పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల సిరలలో రక్తం గడ్డకట్టడం చాలా అరుదు. పిల్లలలో కనిపించే సిరల గడ్డలలో సగానికి పైగా, నవజాత శిశువులలోనైతే 90 శాతానికి పైగా, ఇటువంటి గొట్టాలకు సంబంధించినవే. చాలావరకు ఇవి పైకి ఏ లక్షణాలూ చూపవు. కొందరిలో చేయి, మెడ, ముఖం వాచడం, నొప్పి, ఛాతీపై సిరలు ఉబ్బి కనిపించడం జరుగుతుంది. గొట్టం గుండా మందు లోపలికి వెళ్ళినా రక్తం వెనుకకు రాకపోవడం తొలి సూచన కావచ్చు. ఛాతీ లోపలి సిరలలోని గడ్డలను అల్ట్రాసౌండ్ పరీక్ష కనిపెట్టలేకపోవచ్చు. అందువలన ఇతర చిత్రణ పరీక్షలు అవసరమవుతాయి.

ఈ గడ్డల వలన గొట్టం మూసుకుపోయి చికిత్స ఆగిపోవచ్చు. గడ్డ క్రిములకు ఆశ్రయమై రక్తంలో ఇన్ఫెక్షనుకు దారితీయవచ్చు. గడ్డ ఊడి ఊపిరితిత్తికి చేరితే, విర్కో శవపరీక్షలలో చూసిన ప్రాణాపాయమే బిడ్డకు కలుగుతుంది. గుండె గదుల మధ్య రంధ్రం ఉన్న పిల్లలలో అది మెదడుకు కూడా చేరవచ్చు. చాలాకాలం తరువాత ఆ చేయి లేక కాలు తరచు వాచి, నొప్పి పెట్టే స్థితి మిగిలిపోవచ్చు. పెద్ద సిరలు ఒక్కొక్కటిగా మూసుకుపోతే, జీవితాంతం సిర ద్వారానే పోషణ పొందవలసిన బిడ్డకు గొట్టం పెట్టడానికి చోటు లేకుండా పోతుంది.

గొట్టం లోపల మాత్రమే అడ్డు ఏర్పడినప్పుడు ఆల్టిప్లేజ్ వంటి గడ్డను కరిగించే మందును అందులో నింపి ఉంచుతారు. సిరలో గడ్డ ఏర్పడితే హెపారిన్ లేదా దాని నుండి తయారుచేసిన మందులను వారాల తరబడి, సాధారణంగా మూడు నెలల వరకు ఇస్తారు. హెపారిన్‌ను 1916లో అమెరికాలో జే మెక్లీన్ కనుగొన్నాడు. నోటి ద్వారా ఇచ్చే డాబిగాట్రాన్, రివరోక్సాబాన్ మందులను పిల్లలలో వాడడానికి 2021లో అమెరికా అనుమతించింది. గొట్టం ఇక అవసరం లేకపోయినా, పనిచేయకపోయినా దానిని తీసివేస్తారు. అయితే తీసేటప్పుడు గడ్డ ఊడకుండా ముందుగా కొద్ది రోజులు మందులు ఇవ్వడం ఆనవాయితీ. గొట్టం ఉన్న ప్రతి బిడ్డకూ ముందుజాగ్రత్తగా ఈ మందులు ఇవ్వడం వలన రక్తస్రావపు ప్రమాదం ఉన్నందున, అది సాధారణ పద్ధతిగా లేదు. వీలైనంత సన్నని గొట్టం ఎంచుకోవడం, కొనను సరైన చోట ఉంచడం, అవసరం తీరగానే తొలగించడం ముఖ్యమైన జాగ్రత్తలు.

గుర్తింపు

1906లో బెర్లిన్‌లో ప్రారంభమైన పెద్ద పురపాలక ఆసుపత్రికి రుడాల్ఫ్ విర్కో పేరు పెట్టారు. అది తరువాత షారిటే వైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇతని మ్యూజియంలోని నమూనాలలో చాలా భాగం రెండవ ప్రపంచ యుద్ధంలో నాశనమైనా, మిగిలినవి బెర్లిన్ వైద్య చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. పొట్టలోని కాన్సరు వ్యాపించినప్పుడు ఎడమ మెడ ఎముక పైభాగాన ఉబ్బే శోషరస గ్రంథిని విర్కో గ్రంథి అంటారు. మెదడులోని రక్తనాళాల చుట్టూ ఉండే ఖాళీలకు కూడా ఫ్రెంచి శాస్త్రవేత్త రోబిన్ పేరుతో కలిపి ఇతని పేరు ఉన్నది.